రేకుల వసారాలో పెద్దత్త

మొన్నీమధ్య ఒక పని మీద గుంటూరు వెళ్ళినప్పుడు, పిప్పళ్ళూ శొంఠీ కొందామని పట్నం బజారులో ఒక మూలికల కొట్టు ముందు నిలబడ్డాను. నాకంటే ముందు వచ్చిన మనిషి కోసం కొట్టతను గోనెసంచి మూతి విప్పి, నల్లటి సన్నగింజలను దోసిలితో తీసి తక్కెట్లో పోస్తున్నాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే, పేరు అడగనక్కర లేకుండానే, అవి బావంచాలని తెలిసిపోయింది. చేదూ ఘాటూ కలిసిన ఆ వాసన మా కొత్తపేట ఇంటి దొడ్లో, రేకుల వసారాలో, మా పెద్దత్త చీరల్లో, ఆమె పడుకునే ఈతాకు చాపలో నా చిన్నతనమంతా ఉండేది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మా బంధువుల్లో ఆమె ప్రస్తావన ఎప్పుడైనా వస్తే, "ఆవిడది అదో రకం మనస్తత్వం, ఎవరితోనూ కలిసేది కాదు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ మాట నిజం కాదు. ఆమెను ఎవరితోనూ కలవనివ్వలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని కనుక అది నాకు తెలుసు, తెలిసినంత వరకు రాస్తున్నాను.

*

పెద్దత్త మా నాన్నకు అక్క. మా తాతది పెదనందిపాడు వైపు పల్లె. నల్లరేగడి చేలో మిరపా పొగాకూ వేసేవాడు. పదహారో ఏట ఆమెకు పెళ్ళి చేసి కాపురానికి పంపారు. ఏడాది తిరగకముందే, లంగా బొందు ఒరుసుకునే చోట నడుము మీద పాలరంగు మచ్చ ఒకటి లేచింది. తర్వాత మోచేతి మీద మరొకటి, పెదవి చివర ఇంకొకటి. ఒరిపిడి తగిలే చోట బొల్లి ముందుగా తలెత్తడం మామూలేనని ఇప్పుడు ఏ చర్మవైద్యుడైనా చెబుతాడు. ఆ రోజు చూసింది వైద్యుడు కాదు, అత్తగారు. "కుష్టు పిల్లను మాకంటగట్టారు" అని వీధి వీధంతా వినేటట్లు అరిచి, ఎడ్లబండి కట్టించి, సారెపెట్టెతో సహా పుట్టింటి అరుగు మీద దింపి వెళ్ళారు. పెట్టె వచ్చింది కాని అందులో నగలు రాలేదు.

1955లో వచ్చిన హిందూ వివాహ చట్టంలో కుష్టు వ్యాధి విడాకులకు ఒక కారణంగా ఉండేది. 2019లో దాన్ని కూడా తొలగించారు. బొల్లి మాట ఆ చట్టంలో ఎన్నడూ లేదు. కాని పెద్దత్త విషయంలో ఎవరూ కోర్టు గుమ్మం ఎక్కలేదు. ఆమె భర్త మరొక పెళ్ళి చేసుకున్నాడు, మా తాత తలవంచుకుని ఊరుకున్నాడు. ఆమె మెడలో పుస్తెలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మచ్చలు ఎందుకు వచ్చాయన్న విషయంలో మాత్రం ఊళ్ళో మనిషికొక మాట ఉండేది. చేపల కూర తిని పాలు తాగిందని ఒకరు, వెనకటి జన్మలో పామును చంపిందని ఒకరు, నాగులచవితి నాడు చేనికి వెళ్ళిందని మరొకరు. మోపిదేవి తీసుకువెళ్ళి పొర్లుదండాలు పెట్టించారు. పుట్టలో పాలు పోయించి ఆ మన్ను మచ్చలకు పూశారు. చివరికి ఎవరో నాటువైద్యుడి మాట పట్టుకుని బావంచాల దగ్గర ఆగారు. ఆ గింజలను ఆవుపంచితంలో నానబెట్టి, ఎండబెట్టి, మెత్తగా నూరి మచ్చల మీద పట్టించి, ఎండలో కూర్చోబెట్టేవారు. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మాన్ని ఎండకు తేలిగ్గా లొంగేటట్లు చేస్తుంది. కొలత తెలిసిన వైద్యుడి చేతిలో అది నిజంగానే మందు. మా నాయనమ్మకు కొలత తెలియదు. ఎంత ఎక్కువ పూస్తే అంత త్వరగా రంగు వస్తుందని ఆమె నమ్మకం. నూతి చప్టా మీద వీపు ఎండకు పెట్టి కూర్చున్న పెద్దత్త మోచేతుల మీద రేగుపండంత బొబ్బలు లేవడం, అవి చితికి నీరు కారడం నేను కళ్ళారా చూశాను. ఆమె నోటి నుంచి చిన్న మూలుగైనా వచ్చేది కాదు. దాన్ని కూడా మా ఇంట్లో మొండితనం కిందే జమకట్టారు.

*

తాత సంసారాన్ని గుంటూరుకు మార్చేనాటికి నాన్నకు మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. కొత్తపేటలో మాది పెద్ద పెంకుటిల్లు. వెనక నుయ్యి, నూతికి అవతల కట్టెలు పేర్చుకునే రేకుల వసారా. ఆ వసారాలో ఒక మూల కట్టెలు జరిపి పెద్దత్తకు చోటిచ్చారు. వసారాకు వెనక సందులోకి విడిగా ఒక తడిక తలుపు ఉండేది. మా వీధి గుమ్మంలోంచి ఆమె బయటికి వెళ్ళడం గాని, లోపలికి రావడం గాని నేను చూడలేదు.

ఆమెకు ఒక సత్తు పళ్ళెం, ఒక సత్తు చెంబు ఉండేవి. పళ్ళెం గోడ మేకుకు వేలాడేది. అమ్మ అన్నం తెచ్చి, గరిటె తగలకుండా ఎత్తునుంచి అందులో జార్చేది. నూతి చేద ఆమె ముట్టకూడదు. ఎవరో ఒకరు తోడి ఆమె బిందెలో పోయాలి. పోసేవాళ్ళు పనిలో ఉంటే, నీళ్ళు కళ్ళెదురుగా ఉన్నా ఆమె అలా నిలబడి ఉండవలసిందే. పేరంటాలకు పిలుపు లేదు. శ్రావణమాసంలో ఇల్లంతా పసుపు వాసనలతో నిండిపోయిన రోజున కూడా తడిక తలుపు మూసే ఉండేది.

ఆవకాయ రోజులు వస్తే ఈ కట్టుబాట్ల అసలు రంగు బయటపడేది. మిరపకాయలను ఎంచి, తొడిమలు తీసి, నాలుగు ఎండల్లో గలగలలాడేదాకా ఆరబెట్టి, రోట్లో పోసి దంచేది పెద్దత్తే. రోకలి పోటు మధ్యాహ్నమంతా ఒకే లయలో వినబడేది. కారం గాలిలో లేచి మేమందరం దగ్గుతూ వీధి అరుగు మీదకు పరుగెత్తితే, ఆమె మాత్రం ముక్కుకు చీర కొంగు చుట్టుకుని దంచుతూనే ఉండేది. ఆవాలు ఆమె దంచేది, ఉప్పూ ఆమె దంచేది, అన్నింటినీ ఆమే జల్లించేది. ఆ తర్వాత మూడు పొడులూ మూడు పళ్ళేలలో పోసి వసారా గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. అమ్మా, పిన్నీ వచ్చి తీసుకువెళ్ళి ముక్కలూ నూనె కలిపేవారు. నూనె పడిన తర్వాత ఆమె నీడ పడినా పచ్చడి చెడుతుందట. ఒకసారి నేను అడిగితే, "పొడికి అంటు లేదే, తడికే ఉంది" అంది నాయనమ్మ, అది ఏ శాస్త్రంలోనో రాసి ఉన్నంత గట్టిగా. ఆమె కష్టంతో కావలసినదంతా పొడిగా ఉండేది. ఆమెకు దక్కవలసినదంతా తడి అయ్యేది.

పిల్లలకు ఆమె అంటే భయం. మారాం చేస్తే "పెద్దత్తకు పట్టిస్తాను" అని బెదిరించేవారు. ఆమె కూడా మమ్మల్ని చూస్తే కసిరేది. బంతి వసారాలోకి దొర్లితే "రావద్దు, అక్కడే ఆగు" అని కేక పెట్టి కాలితో బంతిని మా వైపు నెట్టేది. పిల్లలంటే గిట్టని మనిషని ఇరుగుపొరుగు అనుకునేవారు. ఆ కేక వెనక సంగతి నాకు మా చిన్న తమ్ముడి వల్ల తెలిసింది. వాడు నడక వచ్చిన కొత్తల్లో తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చున్నాడు. పిన్ని చూసి, వాణ్ణి రెక్క పట్టి లాక్కొచ్చి, నూతి దగ్గర సబ్బుతో తోలు ఎర్రబడేదాకా రుద్దింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, నాయనమ్మ వసారా వైపు తిరిగి నోటికి వచ్చినవన్నీ అంది. పెద్దత్త తల ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆమె కేకలు ఇంకా పెరిగాయి. మేము దగ్గరికి వెళితే దెబ్బలు తినేది మేమేనని ఆమెకు తెలుసు. అందుకే ముందుగానే తరిమేది.

*

సంక్రాంతి దాటితే గుంటూరు గాలి మారుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి మిరప బళ్ళూ, తర్వాతి రోజుల్లో లారీలూ బారులు తీరేవి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఊరంతా ఘాటే. నాన్న పనిచేసే కొట్టు వాళ్ళు తొడిమలు తీయించవలసిన కాయను బస్తాలుగా ఇళ్ళకు పంపేవారు. నాన్న ఆ పని ఇంటికి తెచ్చి పెద్దత్త ముందు పెట్టాడు. మొదట్లో ఆమె ఒక్కతే తీసేది. తర్వాత పాత గుంటూరు నుంచి ఒక బూబమ్మ, మాలపల్లె నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తడిక తలుపు దారిన వచ్చి ఆమెతో కూర్చోవడం మొదలుపెట్టారు. కిలోకు ఇంతని కూలి.

తొడిమ తీయడం చూసినంత తేలిక పని కాదు. కాయ చిట్లకుండా, గింజ రాలకుండా, బొటనవేలి గోటితో తొడిమను మెలిపెట్టి లాగాలి. సాయంత్రానికి వేళ్ళు భగ్గుమంటాయి. నీళ్ళతో ఎంత కడిగినా ఆ మంట పోదు. మిరప కారం నీటికి కరగదు, నూనెకే లొంగుతుంది. పని అయ్యాక అందరూ ఒకే గిన్నెలో ఆముదం పోసుకుని, ఒకరి చేతులకు ఒకరు రాసుకునేవారు. పెద్దత్త చేతిని మరొక మనిషి పట్టుకోవడం నేను మొట్టమొదట చూసింది అప్పుడే. బూబమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, తెల్లగా మారిన వేళ్ళ సందుల్లో ఆముదం రాస్తూ, తన కోడలి సంగతులు చెప్పుకుపోతూ ఉండేది. తెచ్చుకున్న జొన్నరొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టేది. ఆ రొట్టె తింటూ పెద్దత్త నవ్వేది. ఆమె నవ్వుతుందని మా ఇంట్లో ఎందరికి తెలుసో నేను చెప్పలేను.

ఆమె థర్డ్ ఫారం దాకా చదివింది. ఆ ఆడవాళ్ళకు ఉత్తరాలు చదివి పెట్టేది, కూలి లెక్కలు నోటుపుస్తకంలో రాసేది. మా హాల్లో రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం నుంచి సాయంత్రం వ్యవసాయదారుల కార్యక్రమంలో ధరలు చెప్పే వేళకు ఆమె వంటింటి కిటికీ బయట నిలబడేది. ఆదివారం మధ్యాహ్నం నాటకం వస్తే అక్కడే గోడకు చేరగిలబడి వినేది. ఆ వేళకు నేను వెళ్ళి రేడియో శబ్దం పెంచేదాన్ని. నాయనమ్మ తగ్గించేది.

మే నెల ఎండల్లో గుంటూరులో రాయి కూడా కాలుతుంది. అంత ఎండలోనూ ఆమె మణికట్టు దాకా చేతులున్న రవిక వేసుకునేది. రంగు కోల్పోయిన చర్మం ఎండకు ఊరికే కమిలిపోతుంది. దానికి తోడు ఎదుటివాళ్ళ చూపులు. తెలియనివాళ్ళు ఆమెకు మతి సరిగా లేదనేవారు.

కాయను ఎంచడంలో ఆమెను మించినవాళ్ళు లేరని కొట్టు వాళ్ళే అనేవారు. గుప్పెడు తీసి చెవి దగ్గర గలగలలాడించి తేమ ఎంత ఉందో చెప్పేది. కాయ ఏ రకానిదో కళ్ళు మూసుకుని వేళ్ళతో పోల్చేది. రంగు వెలిసి, మచ్చపడి, తెల్లబారిన కాయలను తాలు అంటారు. వాటిని ఏరి విడిగా పోయాలి. ఒకరోజు నేను ఆ కుప్ప చూసి, ఇవన్నీ పారబోస్తారా అత్తా అని అడిగాను.

"పారబొయ్యటమేంటే పిచ్చిపిల్లా. తాలుక్కూడా యార్డులో ధర కడతారు" అంది.

*

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు ఉన్నప్పుడు వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ దురద పుండ్లు లేచాయి. రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. అది పెద్దత్త నుంచే అంటిందని నాయనమ్మ తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో మమ్మల్నిద్దరినీ పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. వసారా కాకుండా మరొక చోటికి పంపడానికి ఒక కాగితం దొరుకుతుందన్నది వారి ఆలోచన అని నాకు తర్వాత తెలిసింది.

అక్కడి డాక్టరుగారు వయసు మళ్ళిన మనిషి. ముందు నా వేళ్ళు చూశారు. తర్వాత పెద్దత్తను బల్ల మీద కూర్చోమన్నారు. ఆమె నేల మీద కూర్చోబోతే, చేయి పట్టుకుని లేపి బల్ల మీద కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకోమని చెప్పి, దూది సన్నగా పేని, మచ్చ మీద ఒకసారి, మామూలు చర్మం మీద ఒకసారి తాకిస్తూ, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమన్నారు. ఆమె ప్రతిసారీ సరిగ్గా చూపించింది. కుష్టు మచ్చ మీద స్పర్శ తగ్గిపోతుంది, బొల్లి మచ్చ మీద ఏమాత్రం తగ్గదు. ఆయన దూది పక్కన పెట్టి నాయనమ్మ వైపు తిరిగి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"ఇది కుష్టు కాదమ్మా, బొల్లి. చర్మానికి రంగునిచ్చే కణాలు చచ్చిపోయాయి, అంతే. ఎవరికీ అంటదు. అంటుకునేది నీ మనవరాలి గజ్జి. అది బడి నుంచో, పక్క పిల్లల నుంచో వచ్చుంటుంది. ఇంట్లో అందరూ మందు రాసుకోవాలి. ఈ బావంచాలు మాత్రం తక్షణం మానెయ్యండి, ఒళ్ళు కాలిపోతోంది."

నా గజ్జి కోసం సీసా నిండా తెల్లటి మందు ఇచ్చారు. ఇంటికి వచ్చి అందరం మెడ నుంచి పాదాల దాకా రాసుకున్నాం. నన్ను ఎవరూ వేరే పెట్టలేదు. ఆ రాత్రి కూడా నాయనమ్మ పక్కలోనే పడుకున్నాను, అమ్మ నా చేతికి అన్నం ముద్దలు కలిపి పెట్టింది. అంటుకునే జబ్బున్నది నాకు. సత్తు పళ్ళెం మాత్రం వసారా మేకుకే వేలాడింది.

నాన్న ఒక్కసారి నోరు విప్పాడు. "డాక్టరు చెప్పాడు కదమ్మా, అక్కను లోపలికి రానిద్దాం" అన్నాడు. "డాక్టరుకేం, చెప్పి పోతాడు. ఊరొప్పుకోవద్దూ? చెల్లెలి పెళ్ళి ఎట్లా చేస్తావు?" అంది నాయనమ్మ. అంతటితో ఆ మాట ఆగిపోయింది. ఆనాటి నుంచి మా ఇంట్లో జరిగినదాన్ని తెలియనితనం అనడానికి నేను ఒప్పుకోను. తెలిసింది. విడమరచి చెప్పిన మనిషి ఉన్నాడు, చెవులతో విన్నవాళ్ళు ఉన్నారు. బావంచాలు కూడా పూర్తిగా మానలేదు. ఆ మనిషి ఆ మూలనే ఉండటం ఇంటికి అన్ని విధాలా కుదిరింది. దంచేదీ, ఎంచేదీ, కూలి డబ్బులు నెలనెలా అమ్మ చేతిలో పెట్టేదీ ఆమే. లోపలికి వస్తే ఆమె ఇంటి ఆడపడుచు అవుతుంది, ఆమె మాటకు ఒక విలువ ఇవ్వవలసి వస్తుంది.

*

చిన్నత్తకు పెళ్ళిచూపులు ఏర్పాటైనప్పుడు పెద్దత్తను రెండు రోజులు విజయవాడ పంపించారు. తోడుగా నన్ను పంపారు, నోరు ఆపుకోలేని పిల్లను ఇంట్లో ఉంచడం మంచిది కాదని కాబోలు. గుంటూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి మేము కూర్చోగానే, ఎదురు బల్ల మీది ఆడమనిషి పెద్దత్త పెదవి మీది మచ్చ చూసి పిల్లను చంకనేసుకుని లేచిపోయింది. ఆమె వెనకే మరొక ఇద్దరు లేచారు. నంబూరు వచ్చేసరికి ఆ బల్లలన్నీ మావే. పెద్దత్త నన్ను కిటికీ పక్కకు జరిపి, "కాళ్ళు చాపుకోవే, చోటుంది" అంది. మంగళగిరి కొండను, దాని మీది గుళ్ళను చూపించింది. కృష్ణా కెనాల్ దాటి బండి వంతెన ఎక్కగానే కొంగుముడి విప్పి, రాగి నాణెం ఒకటి నా చేతికిచ్చి, మరొకటి తను తీసుకుని నదిలోకి విసిరింది. ఏం మొక్కుకున్నావని అడిగితే చెప్పలేదు.

సత్రంలో బస. తెల్లవారుజామున ఘాట్‌కు వెళ్ళాం. మెట్ల మీద ఆడవాళ్ళు జరిగారు, ఒకావిడ చెంబు చాటు చేసుకుంది. పెద్దత్త ఏమీ అనకుండా నా చేయి పట్టుకుని దిగువకు, మనుషులు లేని చోటికి నడిపించింది. అక్కడ నడుము లోతు నీళ్ళలో నిలబడి, అటూ ఇటూ చూసి, రవిక చేతులు భుజాల దాకా మడిచింది. ఆమె చేతులు పూర్తిగా చూడటం నాకు అదే మొదలు. మోచేతి కింద తెలుపు, పైన చామనచాయ, మధ్యలో పాత బొబ్బల మచ్చలు. ప్రకాశం బ్యారేజీ అప్పటికి కొత్తగా ఉండేది, 1957లో కట్టారు కదా. దాని మీద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే ఆమె మెడ లోతుకు వెళ్ళి మునిగి, చాలాసేపటికి గాని పైకి రాలేదు. నేను బెదిరి ఏడుపు అందుకున్నాను. లేచి వచ్చి, "పల్లెలో చెరువు ఈదేదాన్నే, మునిగిపోతాననుకున్నావా" అని నవ్వింది.

ఆ రెండు రోజులూ ఆమె నాకు అన్నం కలిపి పెట్టింది. ఇంటికి తిరిగి వచ్చాక, నేను ఏమేం తిన్నానో, ఎవరి చేత్తో తిన్నానో నాయనమ్మ ఆరా తీసింది. సత్రంలో పంక్తిలో కూర్చుని తిన్నానని చెప్పాను. తడిక తలుపు వెనక నుంచి పెద్దత్త విన్నది. ఆ తర్వాత ఆమె నన్ను కసరడం తగ్గించింది.

*

ఇంటర్మీడియట్ అయ్యాక నన్ను చదువు మాన్పించాలన్నారు. సాంబశివపేటలోని మహిళా కళాశాలలో బి.ఏ. చేరడానికి ఫీజు పెద్దత్త ఇచ్చింది. రేకు పెట్టె అడుగున, పాత రవికలో చుట్టి దాచిన నోట్లవి. కౌంటరులో గుమాస్తా వాటిని లెక్కపెడుతూ తుమ్మాడు. కొన్నేళ్ళ మిరప ఘాటు ఆ కాగితాలకు పట్టుకుని ఉంది. మూడేళ్ళూ ఆమే కట్టింది. ఇంట్లో మాత్రం నాన్న కట్టాడని చెప్పుకున్నారు. ఆమె కాదనలేదు. నేను కాదంటే ఆమే నన్ను వారించింది.

నా పెళ్ళి నాటికి కథ మారలేదు. శుభలేఖలో చిన్నత్త పేరుంది, ఆమె పేరు లేదు. పందిరి వేసిన రోజు నుంచి తడిక తలుపుకు బయట గొళ్ళెం పెట్టారు. అప్పగింతలయ్యాక మా అత్తగారు, నిదానంగా మాట్లాడే మనిషి, అమ్మను అడిగింది: "మీ పెద్దాడబిడ్డగారు కనబడలేదేం వదినగారూ? అమ్మాయికి చదువు చెప్పించింది ఆవిడేనటగా." అమ్మ నోట మాట రాలేదు. మావాళ్ళు ఎవరి నుంచి దాచామనుకున్నారో వాళ్ళకు అంతా ముందే తెలుసు. బూబమ్మ అక్క కూతురు మా అత్తవారి వీధిలోనే ఉంటుంది. మా అత్తగారు దొడ్డిదారి అడిగి తెలుసుకుని, తనే వెళ్ళి గొళ్ళెం తీసి, పెద్దత్త చేత నాకు అక్షింతలు వేయించింది.

తర్వాత కొన్నాళ్ళకు పంపకాలు జరిగాయి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చి, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించదు. బాబాయి ఆ మాట పట్టుకున్నాడు. "చట్టప్రకారం నీకు రాదక్కా, నీకు పెళ్ళయింది కదా" అన్నాడు. పెద్దత్త రేడియోలో ఆ చట్టం సంగతంతా విని ఉన్నదే. "నాకు పెళ్ళయిందని ఇన్నేళ్ళకు ఈ కాగితం మీద గుర్తొచ్చిందా తమ్ముడూ?" అని మాత్రం అడిగింది. నాన్న అక్కడే తల దించుకుని కూర్చున్నాడు. 2005లో కేంద్రం ఆ తేడాను తీసేసింది. అప్పటికి పొలం చేతులు మారి చాలాకాలమైంది.

*

కొత్తపేట ఇల్లు అమ్మి అక్కడ అపార్ట్‌మెంటు కట్టినప్పుడు ఆమెను నా దగ్గరికి, విజయవాడ సత్యనారాయణపురానికి తెచ్చుకున్నాను. ఆ నాటికి మచ్చలు పాకి పాకి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. మరికొన్నేళ్ళకు ఒంటి మీద పాత రంగు చుక్కైనా మిగలలేదు. కొందరిలో బొల్లి అలా ఒళ్ళంతా పరుచుకుంటుంది.

మా పక్కింటావిడ కొత్తగా వచ్చింది. పెద్దత్తను చూసి, "మీ మేనత్తగారు ఎంత తెల్లగా ఉంటారండీ, ఈ వయసులో కూడా దొరసానే" అంది. వరలక్ష్మీ వ్రతానికి పిలిచి, పీట వేసి, పాదాలకు పసుపు రాసి, తాంబూలం ఇచ్చింది. భర్త ఎక్కడో బతికే ఉన్నాడు కనుక పెద్దత్త ముత్తయిదువే. అయినా ఆమె పాదాలకు ఒకరు పసుపు రాయడం కాపురానికి వెళ్ళిన నాటి తర్వాత అదే మొదటిసారి. ఇంటికి వచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. ఏమైందంటే చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే తనే వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది. నేనూ వెంట వెళ్ళాను. "నాది పుట్టు తెలుపు కాదమ్మా, బొల్లి. ఇట్లా తెల్లబడ్డానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది. చెప్పకుండా నీ పేరంటంలో కూర్చోవటం నాకు బాగాలేదు" అంది. ఆవిడ కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత లోపలికి రమ్మని కూర్చోబెట్టి, తన అన్న కూతురికి కంటి దగ్గర మచ్చ లేచిందని, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక పిల్లను బడి మాన్పించారని చెప్పింది. పెద్దత్త అరగంట సేపు ఆమెతో మాట్లాడింది. చర్మాల డాక్టరుకు చూపించమంది, నాటు బావంచాలు పూయవద్దని రెండు మూడుసార్లు చెప్పింది, పిల్లను వెంటనే బడికి పంపమంది. "పళ్ళెం వేరే పెట్టకండి" అని చివర్లో అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు వణికింది.

*

ఆమె పోయినప్పుడు కర్మకు పెట్టుకోవడానికి ఫొటో లేదు. మా ఇళ్ళలో జరిగిన ఏ పెళ్ళి ఆల్బంలోనూ ఆమె లేదు. వెతకగా వెతకగా ఓటరు కార్డు దొరికింది. ఫొటోతో ఓటరు గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఎన్నికల సంఘం 1993లో ఆదేశించాక, గుంటూరులో ఒక బడిలో శిబిరం పెట్టినప్పుడు బూబమ్మతో కలిసి వరసలో నిలబడి తీయించుకున్నది అది. అందులో సగం ముఖం తెలుపు, సగం చామనచాయ. కళ్ళు సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి.

బాబాయి కొడుకూ నేనూ ఆ కార్డు పట్టుకుని స్టూడియోకు వెళ్ళాం. అక్కడి కుర్రవాడు కంప్యూటరులో ఫొటోను పెద్దది చేసి, "మచ్చలు తీసేస్తే ముఖం నీటుగా వస్తుంది మేడమ్, ఐదు నిమిషాల పని" అన్నాడు. పాపం, అతను మంచికే అడిగాడు. "తీసెయ్ బాబూ, నలుగురూ వస్తారు" అన్నాడు బాబాయి కొడుకు. ఒక్క మచ్చ కూడా తీయవద్దని, ఉన్నది ఉన్నట్టు పెద్ద సైజులో వేయమని చెప్పి డబ్బు కట్టేశాను.

పెద్దకర్మ నాడు ఆ ఫొటోకే దండ వేశాం. కొరివి పెట్టిన మా తమ్ముడు ఏమీ అనలేదు. ఒకనాడు వాణ్ణే ఆమె ఒళ్ళోంచి లాక్కొచ్చి తోలు ఎర్రబడేదాకా రుద్దారు. పాత గుంటూరు నుంచి బూబమ్మ మనవరాలు, మాలపల్లె నుంచి ఆనాటి కూలి ఆడవాళ్ళలో మిగిలిన ఒకావిడ వచ్చి మొదటి పంక్తిలో కూర్చుని భోంచేశారు. బాబాయి వాకిట్లోకి వచ్చి, ఆ ఫొటో చూసి, వేరే పనుందని చెప్పి భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.